పాలకి ఎవరూ చెప్పలేదు

ఆ రోజు ఉదయం ఫరంగీస్ ఒక పిసినారిని పొగిడే పనిలో తలమునకలుగా ఉంది. శ్మశానం వీధిలో సమాధి రాళ్లు చెక్కే కరామత్ తెల్లారగానే ఫోన్ చేశాడు. మోటారు విడిభాగాల కొట్టు యజమాని ఒకాయన పోయాడట. మధ్యాహ్నంలోగా రాతి మీద చెక్కడానికి రెండు పద్యపాదాలు కావాలట. తండ్రి దానగుణం గురించే రాయాలని కొడుకులు పట్టుబట్టారట.

"దానగుణమా!" గులకరాళ్ల మీద కాల్చిన వేడి సంగక్ రొట్టె చేతుల మీద వేసుకుని అప్పుడే లోపలికొచ్చిన ఆమె భర్త నుస్రత్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "నా ఉద్యోగమంతా బస్సు నడిపాను. ఆయన కొట్లో ఒక్క నట్టు ఊరికే ఇచ్చిన పాపాన పోలేదు."

"పోయినాయన్ని పట్టుకుని ఏం మాటలవి?"

"సరే, రాసుకో. 'ఆయన చేసిన దానం ఏ కంటికీ కనబడలేదు' అని రాయి. అబద్ధమూ కాదు, కొడుకులూ పొంగిపోతారు."

ఫరంగీస్ నవ్వాపుకోలేక టీ గ్లాసు కింద పెట్టేసింది. నుస్రత్ రొట్టెకి అంటుకున్న గులకరాళ్లు ఒక్కొక్కటే గిల్లి పళ్లెం అంచున పెడుతూ, కూతురి గది వైపు చూసి గొంతు తగ్గించాడు. "లేచిందా?"

"లేచింది. ముఖం కడుక్కుంటోంది."

షిరాజ్‌లో ఫరంగీస్ పేరు తెలియనివాళ్లు చాలామందే గానీ, ఆమె పాదాలు చదవనివాళ్లు తక్కువ. సమాధి రాళ్ల మీద, పెళ్లి పత్రికల మీద, పిల్లల రేడియో పాటల్లో ఆమె మాటలే ఉంటాయి. అవి పొయ్యి మీదికి గింజలు తెచ్చే కవితలు. తన కోసం రాసుకున్నవి మాత్రం మంగళవారం సభకి తీసుకెళ్లేది. పాత పుస్తకాల కొట్టు మేడమీద గదిలో ప్రతి మంగళవారం సాయంత్రం పదిమంది కవులు చేరతారు. పెద్దాయన ఉస్తాద్ కాజెరూని, మందుల దుకాణం నడిపి మానేసినవాడు. బతూల్ ఖానుమ్ ఒకప్పటి మంత్రసాని. హెదాయత్ టాక్సీ నడుపుతాడు. ఒకరు చదివితే మిగతావాళ్లు వింటారు, మెచ్చుకుంటారు, తప్పుంటే నిర్మొహమాటంగా చెబుతారు. ఒకరింట్లో జబ్బు చేస్తే అందరిళ్లలోంచీ గిన్నెలు వస్తాయి.

గత చలికాలంలో కూతురు మహ్‌రుఖ్ కడుపులో బిడ్డ, ఇంకొన్ని వారాల్లో పుట్టవలసినది, కడుపులోనే పోయినప్పుడు కూడా అలాగే వచ్చాయి. బతూల్ ఖానుమ్ ఆష్ జావ గిన్నె గుమ్మంలో పెట్టి, లోపలికి రాకుండా, ఏమీ అడగకుండా వెళ్లిపోయేది. అల్లుడు సియామక్ దక్షిణాన సముద్రపొడ్డున గ్యాస్ క్షేత్రంలో పనిచేస్తాడు. వారాల తరబడి అక్కడే ఉండాలి. అందుకని మహ్‌రుఖ్ పుట్టింటికి వచ్చింది. కొన్నాళ్లకి కళ్లజోళ్ల దుకాణంలో తన పనికి వెళ్లడం మొదలుపెట్టింది. ఆ సంగతి మాత్రం ఎవరితోనూ ఎత్తదు. ఒక్క రాత్రి తప్ప. ఆ రాత్రి తల్లి ఒళ్లో తల పెట్టుకుని మాట్లాడింది. మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఉదయం టీ తాగి, పిసినారి మీద తండ్రి వేసిన జోకు విని కాస్త పెదవి కదిపి వెళ్లిన పిల్ల, మధ్యాహ్నం భోజనాల వేళకే తిరిగొచ్చింది. తలకి కట్టుకున్న రుమాలైనా తీయలేదు. వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, పాలకి ఎవరూ చెప్పలేదు అంటే ఏమిటి?"

ఫరంగీస్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఇవాళ ఒక పెద్దావిడ వచ్చింది. దగ్గరి చూపుకి కొత్త అద్దాలు పెట్టి, ఏదైనా చదవండి సరిగా కనిపిస్తోందేమో చూద్దాం అన్నాను. ఆవిడ ఫోన్ తీసి చదివింది." మహ్‌రుఖ్ గొంతు చాలా నెమ్మదిగా ఉంది. కేకలు పెట్టినా బాగుండుననిపించింది ఫరంగీస్‌కి. "నేను విన్నంత చెబుతాను, విను."

*ఊయలకి తెలుసు తాను ఖాళీ అని.*
*పాలకి మాత్రం ఎవరూ చెప్పలేదు.*
*వేళ తప్పకుండా వచ్చి తలుపు తడుతున్నాయి.*

"మహ్‌రుఖ్ జాన్..."

"ఆవిడ చదువుతూ ఏడ్చేసింది. అద్దాలు తడిసిపోతే నేనే తుడిచిచ్చాను. ఎవరు రాశారండీ అంటే, ఫరంగీస్ అట, మన ఊరావిడేనట, బంగారం లాంటి మాట అంది."

"నీ పేరు ఎక్కడా రాయలేదు తల్లీ. ఊరి పేరు లేదు, ఇంటి పేరు లేదు. సభలో ఒక్కసారి చదివాను. ఎవరో రాసుకున్నారు, ఆ చేతా ఈ చేతా పడి..."

"అందరూ ఏ వాక్యం మెచ్చుకుంటున్నారమ్మా?"

ఫరంగీస్ గరిటె పక్కన పెట్టింది.

"నాకు తెలుసు ఏదో. అది నువ్వు రాసింది కాదు. ఆ రాత్రి జాకెట్టు తడిసిపోతుంటే నేను నిన్నడిగిన మాట. 'పాలకి ఎవరూ చెప్పలేదా అమ్మా' అని అడిగాను. నువ్వు నా జుట్టు నిమురుతున్నావు." ఆ పిల్ల గుమ్మం దాటి దగ్గరికొచ్చింది. "నిజం చెప్పు. అప్పుడు నువ్వు నా మాట వింటున్నావా, లేక దానికి ఛందస్సు చూసుకుంటున్నావా?"

గొడవ విని నుస్రత్ పెరట్లోంచి వచ్చాడు. "ఏమిటే తల్లీ, ముందు కూర్చో, ఒక ముద్ద తిను..."

"నాన్నా, నువ్వుండు."

ఫరంగీస్ అబద్ధం చెప్పవచ్చు. అమ్మని కదా, వింటూనే ఉన్నాను అనవచ్చు. నమ్మినా నమ్మకపోయినా కూతురు అక్కడితో ఆగేది. కానీ ఆ రాత్రి ఏం జరిగిందో ఫరంగీస్‌కి బాగా గుర్తుంది. గుండె పగిలిపోతూనే ఉంది, వేళ్లు జుట్టులో కదులుతూనే ఉన్నాయి, లోపల ఇంకెవరో మేలుకుని ఆ మాటని మెల్లగా ఎత్తి పక్కన దాచుకున్నారు.

"రెండూ," అంది. "వింటూనే ఉన్నాను. ఆ మాట పోగొట్టుకోకూడదని కూడా అనుకున్నాను. నీకిది ఘోరంగా ఉంటుంది. నాకూ అలాగే ఉంది."

"నాకు అమ్మ కావలసిన రాత్రి అది," అని మహ్‌రుఖ్ తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

పొయ్యి మీద అన్నం అడుగంటింది. కరామత్ రెండుసార్లు ఫోన్ చేశాడు. పిసినారి దానగుణం సాయంత్రానికి గానీ పూర్తవలేదు.

ఆ తర్వాత ఇంట్లో మాటలు నుస్రత్ మీదుగా నడిచాయి. "మీ అమ్మ టీ చల్లారిపోతోందంటోంది." "మహ్‌రుఖ్ రాత్రికి తినదట." ఆయన గదికీ వంటింటికీ మధ్య తిరిగి తిరిగి, చివరికి ఒక రోజు నడవలో నిలబడిపోయాడు. "ఈ బస్సుకి రెండే స్టాపులు, రెండింట్లోనూ ఎవరూ ఎక్కడం లేదు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన ఎవరినీ తప్పుపట్టలేదు. ఒక్కసారి మాత్రం, పడుకోబోయేముందు, దీపం ఆర్పి చీకట్లో అడిగాడు. "ఆ మాట నాకెందుకు చెప్పలేదు ఫరంగీస్? పాల సంగతి. ఊరందరికీ తెలిశాక తెలిసింది నాకు."

మంగళవారం వచ్చింది. సభ పెట్టి నలభై ఏళ్లయిన సందర్భంగా నెలాఖరు గురువారం తోటలో పెద్ద కవిసమ్మేళనం ఉంది. ఆ సాయంత్రం ఆఖరుగా చదివే గౌరవం ఈసారి ఫరంగీస్‌ది. ఇన్నేళ్లలో ఆమెకి మొదటిసారి. చదవవలసింది కూడా ఆ కవితే.

"నేను ఆ కవిత చదవను," అంది ఫరంగీస్, కూర్చోకుండానే. "మీ దగ్గరున్న ప్రతులు కూడా చింపేయండి. ఫోన్లలోంచి తీసేయండి."

బతూల్ ఖానుమ్ నోట్లో పెట్టుకోబోయిన చక్కెర పలుకు గ్లాసులో పడింది. "ఏమే, మతిపోయిందా? ఇన్నేళ్ల నుంచీ నా నోటికి ఒక్క కవితైనా పట్టుబడిందా? అది ఒక్కటే పట్టుబడింది. కాన్పులు చేసిన చేతులు నావి. చనిపోయిన బిడ్డని గుడ్డలో చుట్టి, ఆ తల్లి ముఖం వైపు చూడలేక పక్కకి చూసిన దాన్ని. నా తరఫున ఎవరైనా ఆ మాట చెప్పారా ఇప్పటిదాకా?"

"నా టాక్సీలో ఒకాయన అది వినిపించమని అడిగాడు," అన్నాడు హెదాయత్. "విన్నాక ఊరికే కూర్చున్నాడు. దిగవలసిన చోటు దాటిపోయినా దిగలేదు. బయటికెళ్లిన కవిత ఇంక మీది కాదు ఫరంగీస్ ఖానుమ్, వెనక్కి పిలిస్తే రాదు."

"అది మొదటి నుంచీ నాది కాదు," అంది ఫరంగీస్. కూతురి మాట సంగతి, ఆ రాత్రి సంగతి, వంటింట్లో జరిగింది, అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ కిటికీ అవతల నారింజ పూలు రాలుతూనే ఉన్నాయి.

ఉస్తాద్ కాజెరూని కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "చదివేముందు అమ్మాయిని అడిగారా?"

"లేదు."

"మేమూ అడగలేదు. ఎవరి కడుపుకోతో మాకు తెలుసు. తెలిసీ భేష్ అన్నాం. ఆ తప్పులో మాకూ వాటా ఉంది." ఆయన చుట్టూ చూశాడు. "ప్రతులు తీసేద్దాం. గురువారం మీ కుర్చీ మీ కోసం ఉంటుంది. చదువుతారో, ఊరికే కూర్చుంటారో మీ ఇష్టం. ఆ చోటు ఇంకెవరికీ ఇవ్వం."

మెట్లు దిగేటప్పుడు బతూల్ ఖానుమ్ ఫరంగీస్ మోచెయ్యి పట్టుకుని కింది దాకా వదల్లేదు. ఆ వారమంతా తనకి తెలిసిన ప్రతి ఇంటికీ ఫోన్ చేసి "ఆ కవిత తీసెయ్యండి, ఎందుకని అడక్కండి" అని దబాయించిందని తర్వాత తెలిసింది.

మళ్లీ మంగళవారం వచ్చేసరికి సభకి వెళ్లబుద్ధి కాలేదు ఫరంగీస్‌కి. కానీ ఆ వారం టీకి మిఠాయి తేవడం ఆమె వంతు. ఖర్జూరాల రంగీనక్ చేసి, పళ్లెం మీద మూత పెట్టి, మేడ ఎక్కింది. టీ ఒక వరస తిరిగింది. హెదాయత్ కొత్త గజల్ రెండో పాదంలో ఉండగా తలుపు తెరుచుకుంది.

మహ్‌రుఖ్ నిలబడి ఉంది. దుకాణం నుంచి తిన్నగా వచ్చినట్టుంది, భుజాన సంచీ అలాగే ఉంది.

ఫరంగీస్ లేవబోయింది.

"రా తల్లీ," అన్నాడు ఉస్తాద్, ఆ పిల్ల వారం వారం వస్తున్నట్టే. "బతూల్ ఖానుమ్, కాస్త జరగండి."

మహ్‌రుఖ్ కూర్చోలేదు. "ఈ వారంలో మా దుకాణానికి ముగ్గురు వచ్చారు," అంది. "ఒకాయన ఫ్రేమ్ తనే విరగ్గొట్టుకుని తెచ్చి అతికించమన్నాడు. విరిగిన చోటు ఇంకా కొత్తగా మెరుస్తోంది." హెదాయత్ తల దించుకున్నాడు. "ఒక పెద్దాయన కళ్లు పరీక్ష చేయించుకున్నాడు. పట్టికలో అన్ని వరసలూ గడగడా చదివేసి, చాలా బాగా చేశావమ్మా అని నన్ను మెచ్చుకుని వెళ్లాడు. ఒకావిడ కళ్లజోడు గొలుసు కొన్నది. ఆవిడకి కళ్లజోడే లేదు."

"నాకు నిజంగానే కనపడదే అమ్మా," అంది బతూల్ ఖానుమ్ గబుక్కున. "మొండితనం కొద్దీ పెట్టుకోను."

ఎవరో ఫక్కుమన్నారు. మహ్‌రుఖ్ పెదవులు కూడా ఒక్క క్షణం లొంగిపోయాయి, మళ్లీ బిగుసుకున్నాయి.

"ఎవరూ కవిత మాట ఎత్తలేదు. ఎత్తుతారేమో, అమ్మ తరఫున మాట్లాడతారేమో, మాట్లాడితే ముఖం మీదే నాలుగు మాటలు అడుగుదామని కాచుకుని ఉన్నాను. ఒక్కరూ ఎత్తలేదు." ఆ పిల్ల సంచీ దించి నేల మీద పెట్టింది. "ఆ రోజు కవిత చదివిన పెద్దావిడ నిన్న తన కళ్లజోడు తీసుకోవడానికి వచ్చింది. నేనెవరో ఆవిడకి తెలియదు. తనంతట తనే చెప్పింది. పెళ్లయిన ఏడాదికి మగబిడ్డట. పుట్టి ఊపిరి తీయలేదట. అత్తగారు ఆవిడ గుండెలకి బిగించి గుడ్డ కట్టి, మర్నాడే వంటింట్లోకి పంపించిందట. ఆ తర్వాత ఆరుగురు పిల్లల్ని కన్నది. ఇప్పటిదాకా ఎవరూ ఆవిడతో ఆ మొదటివాడి మాట ఎత్తలేదట. 'నాకు పిచ్చేమో అనుకునేదాన్ని బిడ్డా, పాల మీద కోపం తెచ్చుకున్న మనిషి నాలాగే ఇంకొకతి ఉందన్నమాట' అంది."

ఫరంగీస్ కళ్ల ముందు గది అలుక్కుపోయింది. కూతురి ముఖం చూడాలని ఎంత ప్రయత్నించినా నీళ్లు అడ్డం పడుతున్నాయి.

"నేను క్షమించానని చెప్పడానికి రాలేదు," అంది మహ్‌రుఖ్, ఈసారి తల్లి వైపు తిరిగి. "ఇంకా కోపంగానే ఉంది. ఎన్నాళ్లుంటుందో తెలియదు. కానీ ఆవిడ నా ముందు ఆ కవిత పూర్తిగా చదివింది. మొదటి రోజు నేను సగమే విన్నాను. నిన్న చివరిదాకా విన్నాను. అందులో ఒక తప్పుంది. ఇక్కడ తప్పులు చెప్పవచ్చు కదా?"

"చెప్పడానికే కూర్చుంటాం," అన్నాడు ఉస్తాద్. ఆయన అప్పుడే జేబులోంచి కలం తీశాడు.

"'వచ్చిన దారినే వెళ్లిపోయింది, పేరైనా పెట్టించుకోలేదు' అని ఉంది." మహ్‌రుఖ్ ఒక్క గుక్క ఊపిరి తీసుకుంది. "అది అబద్ధం. దానికి పేరు ఉంది. నేనూ సియామక్ ఫోన్లో మాట్లాడుకుని పెట్టుకున్నాం. ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రిలో దాన్ని చేతికిచ్చినప్పుడు చెవిలో చెప్పాను."

మంత్రసానిగా ఎన్నో గదుల్లో నిలబడిన బతూల్ ఖానుమ్ రుమాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏం పేరమ్మా" అని అడగబోయింది కాబోలు, ఉస్తాద్ చెయ్యి కొద్దిగా ఎత్తాడు. ఆమె ఆగిపోయింది.

"అయితే ఆ పాదం నిలబడదు," అన్నాడు ఆయన, ప్రతి మంగళవారం అనే గొంతుతోనే. "ఆ చోట ఏముండాలమ్మా? నువ్వే చెప్పాలి."

"మా ఇంట్లోంచి ఏమీ పట్టుకెళ్లలేదు," అంది మహ్‌రుఖ్ మెల్లగా. "ఒక్క పేరు తప్ప."

గదిలో నిట్టూర్పు లేచింది. భేష్ అన్నవాళ్లు లేరు. ఫరంగీస్ కాగితం మీద పాత పాదాన్ని కొట్టేసి, కూతురు చెప్పిన మాట చెప్పినట్టే రాసింది. ఛందస్సులో ఒక మాత్ర ఎక్కువైంది. హెదాయత్ గమనించి నోరు తెరవబోయి, మళ్లీ మూసుకున్నాడు.

"చదవడానికి నువ్వు ఒప్పుకుంటేనే," అంది ఫరంగీస్. "ఇప్పుడే చెప్పక్కర్లేదు."

"గురువారం ఇంకా రెండు రోజులుంది కదా," అంది మహ్‌రుఖ్. "చూద్దాం." అని బతూల్ ఖానుమ్ పక్కన కూర్చుంది. రంగీనక్ పళ్లెం ఆమె ముందుకి జరిగింది. హెదాయత్ తన గజల్ మళ్లీ మొదటి నుంచీ ఎత్తుకున్నాడు. ఎవరూ వినలేదని అతనికీ తెలుసు.

సభ అయ్యాక తల్లీ కూతుళ్లు బస్సు ఎక్కకుండా ఇంటికి నడిచే వెళ్లారు. దారిలో ఎక్కువ మాటలేం లేవు. వీధి మలుపులో మహ్‌రుఖ్ ఆగి, తల్లి చెయ్యి పట్టుకుని, పేరు చెప్పింది.

"రోషనక్."

ఫరంగీస్ నోటితో పలికి చూసింది. మళ్లీ పలికింది. కూతుర్ని దగ్గరికి తీసుకుంది. పక్కనుంచి జనం తప్పుకుని వెళుతున్నారు. రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడ్డ ఆడవాళ్లు చూస్తున్నారు. చూస్తే చూశారని ఇద్దరూ అలాగే నిలబడి ఏడ్చారు.

"నాన్నకి కూడా నేనే చెబుతాను," అంది మహ్‌రుఖ్ ముఖం తుడుచుకుంటూ. "నువ్వు చెప్పకు."

"చెప్పను."

ఇంటికొచ్చేసరికి నుస్రత్ ముగ్గురికీ గుడ్లు, టమాటాలు వేయించి, రొట్టె తడిగుడ్డలో చుట్టి, నేల మీద భోజనాల గుడ్డ సుఫ్రా పరిచి కూర్చున్నాడు. ఇద్దరి కళ్లూ చూసి కంగారుగా లేచాడు. "ఏమైంది? మళ్లీ గొడవా?"

"నాన్నా, కూర్చో. నీకొక మాట చెప్పాలి." మహ్‌రుఖ్ ఆయన ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. "పాపకి మేము పేరు పెట్టుకున్నాం. ఇన్నాళ్లూ చెప్పలేదు. రోషనక్."

నుస్రత్ ఏ జోకూ వేయలేదు. చేతిలో రొట్టె ముక్కని కింద పెట్టి, దాన్ని సరిచేసి, మళ్లీ సరిచేశాడు. ఎన్నో ఏళ్లు ఎండలో స్టీరింగ్ పట్టిన ఆ పెద్ద చేతులు ఏం చేయాలో తెలియక ఒళ్లో పడ్డాయి.

"రోషనక్," అన్నాడు. కూతురి ముఖంలోకి భయంభయంగా, అనుమతి అడుగుతున్నట్టు చూశాడు.

"అయితే... నేను రోషనక్ తాతయ్యనన్నమాట."

"అవును నాన్నా," అంది మహ్‌రుఖ్. ఆస్పత్రి నుంచి వచ్చాక మొట్టమొదటిసారి తండ్రి భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఫరంగీస్ పక్కన కూర్చుని ఇద్దరి వీపులూ నిమురుతూ ఉండిపోయింది. తినడానికి ఎవరికీ తొందర లేదు.